యల్లాప్రగడ సుబ్బారావు: గర్భిణి వేసుకునే చిన్న మాత్ర వెనుక ఒక భీమవరం డాక్టర్ జీవితం

ఢిల్లీ లక్ష్మీనగర్‌లో మెట్రో దిగి వికాస్ మార్గ్ పక్క గల్లీల్లోకి వెళితే కోచింగ్ సెంటర్లు, పీజీ హాస్టళ్లు, మొబైల్ షాపుల మధ్య అడుగడుగునా మందుల షాపులు కనిపిస్తాయి. సీఏ చదవడానికి వచ్చిన పిల్లలు, ఉద్యోగాల కోసం వచ్చి ఒకటి రెండు గదుల ఇళ్లలో కాపురం పెట్టిన కొత్త జంటలు ఈ గల్లీల నిండా ఉంటారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆ షాపుల్లో అతి చవగ్గా దొరికే మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. నెల తప్పిన అమ్మాయి డాక్టర్ దగ్గరకు వెళ్లి చీటీ రాయించుకుంటే, ఆ చీటీలో దాదాపు ఎప్పుడూ ఈ పేరు ఉంటుంది. ప్రభుత్వ ఆస్పత్రిలోనైతే ఐరన్‌తో కలిపి ఎర్రటి మాత్రగా ఉచితంగా ఇస్తారు.

ఈ పదార్థాన్ని కాలేయం నుంచో ఆకుకూర నుంచో తీయాల్సిన అవసరం లేకుండా, ప్రయోగశాలలో తయారుచేసే దారి కనిపెట్టిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన ఒక తెలుగు డాక్టర్. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. చనిపోయి 75 ఏళ్లు దాటింది.

తల్లి తినేది, తాగేది, పీల్చేది, మింగేది కడుపులోని బిడ్డను ఎలా మారుస్తుందన్న విషయం ఈరోజు పర్యావరణ ఆరోగ్యంలో పెద్ద చర్చ. సుబ్బారావు ఆ శాస్త్రం చదవలేదు, దాని మీద పరిశోధన చేయలేదు. అయినా ఆయన ప్రయోగశాల నుంచి బయటికి వచ్చిన మందుల చరిత్రను వరసగా చదివితే ఆ శాస్త్రానికి పునాది పాఠాలు అందులోనే దొరుకుతాయి. వాటిలో ఒక పాఠాన్ని మనం ఇప్పటికీ సరిగా అమలు చేయడం లేదు.

కాశీకి పారిపోయిన కుర్రాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ఉద్యోగం ముందే వదులుకోవాల్సి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది.

పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి కాశీకి బయలుదేరిన కథ గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బోలెడు డబ్బు సంపాదించాలన్నది ఆ కుర్రాడి ఆలోచన. తల్లి వెతికించి వెనక్కి రప్పించారు. చదువు మీద ధ్యాస లేని ఆ పిల్లవాడు మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు పరీక్ష రాయాల్సి వచ్చింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. డాక్టరైతే మఠం ఆస్పత్రుల ద్వారా సేవ చేయొచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, ఆ తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చులకు సాయం చేశారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో పెళ్లయింది.

అవి విదేశీ వస్త్ర బహిష్కరణ రోజులు. సుబ్బారావు సర్జరీ క్లాసుకు ఖద్దరు కోటు వేసుకుని వెళ్లారు. ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి ఎంబీబీఎస్ కాకుండా దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఇద్దరు అన్నదమ్ముల చావు

ఈ మధ్యకాలంలోనే ఆ ఇంటిని ఒక జబ్బు కుదిపేసింది. స్ప్రూ అనే పేగుల వ్యాధితో సుబ్బారావు అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. మన ఆయుర్వేదంలో గ్రహణి అని పిలిచే జబ్బుకు ఇది దగ్గరగా ఉంటుంది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి రోజురోజుకీ కరిగిపోతాడు, రక్తం పలచబడుతుంది.

సుబ్బారావుకూ ఆ జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. అల్లోపతి చదివిన డాక్టర్‌గా తన దగ్గర ఆ జబ్బుకు మందు లేదన్న విషయం మాత్రం ఆయన్ను వదల్లేదు.

ఆ జబ్బులో ఒంటికి అందకుండా పోయే ముఖ్యమైన పదార్థాల్లో ఫోలేట్ ఒకటని అప్పటికి ఎవరికీ తెలియదు. దాని పేరే ఇంకా పుట్టలేదు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ ఇస్తామన్న సాయం, మామగారు సమకూర్చిన డబ్బు నమ్ముకుని సుబ్బారావు అమెరికా ఓడెక్కారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. అప్పటికి భార్య గర్భవతి. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే ఆ బిడ్డ చనిపోయాడు. తండ్రి ఆ పిల్లవాణ్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ తర్వాత ఆయన భారతదేశానికి మళ్లీ రాలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేస్తూ, ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట కింది స్థాయి పనులు చేశారు. ఆ తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో దశాబ్దాల పాటు ప్రపంచమంతా ల్యాబుల్లో దాన్ని వాడారు.

1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీని వాళ్లు వేరుచేసి చూపించారు. జీవకణానికి శక్తినిచ్చే ఏటీపీ గురించి ఈరోజు ఇంటర్ బయాలజీ పుస్తకంలోనే ఉంటుంది. 1930లో సుబ్బారావు పీహెచ్‌డీ పూర్తిచేశారు. కానీ హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం రాలేదు. ఆయన చేసిన కొంత పనిని ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదని, దాన్ని వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని, ఆ విభాగంలోనే చదువుకుని 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాత చెప్పారు.

బొంబాయి గర్భిణుల రక్తహీనత

సుబ్బారావు బోస్టన్‌లో ఉండగానే, ఆయన వదిలివెళ్లిన దేశంలో మరో కథ మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టర్ బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. కారణం కనుక్కోవడం ఆమె పని.

మొదట ఏదైనా క్రిమి కారణమేమో అని వెతికారు. అలాంటిదేమీ దొరకలేదు. అప్పుడు ఆమె ఆ ఆడవాళ్లు ఏం తింటున్నారో చూశారు. బాగా పేద కుటుంబాల్లో, పాలిష్ పట్టిన బియ్యం లేదా రొట్టెలతో గడిపేసేవారిలో, పళ్లూ కూరగాయలూ దాదాపు లేనివారిలో జబ్బు ఎక్కువగా కనిపించింది. అదే తిండి పెట్టిన జంతువులకూ రక్తం తగ్గింది.

మార్మైట్ అనే చవకైన ఈస్ట్ సారం ఇస్తే ఆ జంతువులు కోలుకున్నాయి, గర్భిణులూ కోలుకున్నారు. ఆమె 1931లో ఈ ఫలితాలను ప్రచురించారు. ఈస్ట్‌లోని ఆ పదార్థం ఏమిటో తెలియక దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. విల్స్ పనిలో కొంత తమిళనాడులోని కూనూర్‌లోనూ జరిగింది. కూనూర్‌లోని పోషకాహార పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్ తార్నాకకు మారి జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్ అయింది.

గర్భిణికి జబ్బు ఆమె ఒంట్లో పుట్టింది కాదు, ఆమె బతుకుతున్న పరిస్థితుల నుంచి వచ్చిందని బొంబాయి పరిశోధన చూపించింది. కూలి డబ్బులు, వాటితో కొనగలిగిన తిండి, వాటి నుంచి రక్తం, ఆ రక్తం నుంచి బిడ్డ.

పెర్ల్ రివర్‌లో దొరికిన జవాబు

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే అక్కడ పరిశోధన విభాగం అధిపతి అయ్యారు. కాలేయ సారంలో రక్తహీనతను తగ్గించే పదార్థం ఏదో ఉందని అప్పటికే తెలుసు. సుబ్బారావు ఆ వేటను హార్వర్డ్‌లో ఉండగానే మొదలుపెట్టారు. అన్నదమ్ములను తీసుకెళ్లిన జబ్బుకు మందు అందులోనే ఉంటుందని ఆయన ఆశ.

1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి పిసరంత పదార్థం తీసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. టన్నుల ఆకు నుంచి చిటికెడు వచ్చే మందు పేదవాడికి అందదు. దాని నిర్మాణం తెలుసుకుని, ఫ్యాక్టరీలో తయారుచేయగలిగితేనే ఉపయోగం.

లెడర్లీలో సుబ్బారావు బృందం 1945లో ఆ పని పూర్తిచేసింది. పరిశోధన పత్రం మీద పదిమందికి పైగా పేర్లున్నాయి. అందులో సుబ్బారావుది ఒకటి. జట్టును కూర్చడం, దారి చూపడం ఆయన చేసినా, పేరు ముందు పెట్టుకోవడం ఆయనకు అలవాటు లేదు.

కొద్ది నెలల్లోనే అమెరికన్ డాక్టర్ టామ్ స్పైస్, క్యూబా, ప్యూర్టోరికో ప్రాంతాల్లో స్ప్రూతో బాధపడేవారికి ఈ మందు ఇచ్చి కోలుకోవడం చూశారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు పైగా గడిచాక సుబ్బారావు వెతుకులాటకు జవాబు దొరికింది. బొంబాయి గర్భిణులను కాపాడిన ఈస్ట్‌లోని పదార్థం కూడా ఇదేనని స్పష్టమైంది.

అదే అణువు, చిన్న మార్పు

కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. ఆ పనికి ఫోలేట్ కావాలి. కణాలు వేగంగా పెరిగే చోట అవసరం ఎక్కువ. ఎముక మజ్జలో రక్తకణాలు తయారయ్యేటప్పుడు, కడుపులో పిండం ఎదిగేటప్పుడు అలాగే జరుగుతుంది. క్యాన్సర్‌లోనూ అంతే.

బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్, లుకేమియా ఉన్న చిన్నారులకు ఫోలేట్ సంబంధిత మందులు ఇస్తే జబ్బు వేగం పుంజుకున్నట్టు గమనించారు. అలాగైతే ఫోలేట్‌ను అడ్డుకునే మందు జబ్బును ఆపాలి. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్ నిర్మాణంలో చిన్న మార్పు చేసి అలాంటి మందులు తయారుచేసి ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనది అమినోప్టెరిన్. కణం దాన్ని ఫోలేట్ అనుకుని తీసుకుంటుంది. తీసుకున్నాక విభజన ఆగిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. లుకేమియాకు కీమోథెరపీ చరిత్ర అక్కడ మొదలైంది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈరోజుకీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడుతున్నారు.

ఈ కథలో తక్కువగా చెప్పుకునే భాగం ఆ తర్వాత వచ్చింది. క్షయ వంటి జబ్బుల వల్ల గర్భం కొనసాగితే ప్రాణాపాయమనుకున్న కొందరు మహిళలకు గర్భస్రావం కోసం అమినోప్టెరిన్ ఇచ్చిన వివరాలు 1952లో వెలువడ్డాయి. కొందరిలో పిండం చనిపోలేదు, వైకల్యాలతో ఎదిగింది. తర్వాతి ఏళ్లలో ఇంకొన్ని కేసులు బయటపడ్డాయి. పుర్రె ఎముకలు సరిగా ఏర్పడకపోవడం, ముఖంలో, కాళ్లూచేతుల్లో లోపాలు ఆ పిల్లల్లో కనిపించాయి. వైద్య పుస్తకాల్లో దానికి అమినోప్టెరిన్ సిండ్రోమ్ అనే పేరే ఏర్పడింది.

గర్భసంచి ఒక కోట అని, మాయ ఒక గోడలా నిలబడి బయటి విషాలను లోపలికి రానివ్వదని అప్పట్లో చాలామంది డాక్టర్లు నమ్మేవారు. 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్, తల్లికి రుబెల్లా వస్తే బిడ్డ కళ్లకు శుక్లాలు వస్తున్నాయని గుర్తించి ఆ నమ్మకాన్ని కదిలించారు. అమినోప్టెరిన్ ఇంకో దెబ్బ కొట్టింది. 1961లో థాలిడోమైడ్ విషాదం వేల కుటుంబాలను తాకాకే ప్రపంచం పూర్తిగా కళ్లు తెరిచింది.

పళ్ల మీద మిగిలిన మచ్చ

లెడర్లీ నుంచి మూడో పాఠం కూడా వచ్చింది. సుబ్బారావు అధిపతిగా ఉండగా అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల్లో సూక్ష్మజీవుల కోసం వెతికారు. మిస్సౌరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. 1948 జులైలో దాన్ని శాస్త్రవేత్తల ముందు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఎన్నో రకాల ఇన్ఫెక్షన్లకు పనిచేసి లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది.

ఈ మందులకు కాల్షియంతో జతకట్టే గుణం ఉంది. గర్భం రెండో సగంలో తల్లి వీటిని వాడితే, కడుపులో బిడ్డకు అప్పుడే ఏర్పడుతున్న పళ్లలో చేరి పసుపు, గోధుమ రంగు మచ్చగా మిగిలిపోతాయి. పదేళ్లు పైగా వాడకంలో ఉన్నాక ఇది స్పష్టమైంది. అందుకే గర్భిణులకు, చిన్నపిల్లలకు వీటిని సాధారణంగా ఇవ్వరు.

మూడు మందులూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయి. అవసరమైనది అందకపోతే బిడ్డకు హాని జరుగుతుందని మొదటిది, అక్కర్లేనిది చేరితే హాని జరుగుతుందని రెండోది చూపించాయి. ఏ నెలలో ఏది చేరిందన్న దాన్నిబట్టి హాని ఎక్కడ, ఎలా జరుగుతుందో మారుతుందని మూడోది చెప్పింది. ఇవన్నీ బయటపడేసరికి సుబ్బారావు లేరు. ఆరియోమైసిన్ ప్రకటన వెలువడిన తర్వాతి నెల, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. బోదకాలుకు ఈరోజుకీ మనదేశంలో ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చిందే. భారత ప్రభుత్వం 1995లో శతజయంతికి తపాలా బిళ్ల విడుదల చేసింది.

28 రోజుల గడువు

పిండం మెదడు, వెన్నుపాము ఒక చిన్న గొట్టంగా మొదలవుతాయి. దాన్ని నాడీనాళం అంటారు. గర్భం నిలిచిన దాదాపు 28 రోజులకల్లా అది రెండు చివరలా మూసుకుపోవాలి. మూసుకోకపోతే వెన్ను తెరుచుకుని ఉండే స్పైనా బిఫిడా వస్తుంది. పైభాగం మూసుకోకపోతే మెదడే సరిగా ఏర్పడదు, ఆ బిడ్డ బతకదు.

దీనికి ఫోలేట్ లోపంతో సంబంధం ఉండొచ్చని 1965లో ఎలిజబెత్ హిబ్బర్డ్, రిచర్డ్ స్మిథెల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్లు సూచించారు. నిరూపణకు మరో పాతికేళ్లు పట్టింది. ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో జరిగిన బ్రిటిష్ పరిశోధన ఫలితం 1991లో వచ్చింది. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు తర్వాతి గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే, మళ్లీ అదే లోపం వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. అన్ని కేసులనూ మాత్ర ఆపలేదు. కానీ పుట్టుకతో వచ్చే లోపాన్ని ముందే ఇంతగా అడ్డుకోగల మందులు చాలా తక్కువ. అమెరికా 1998 నుంచి పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేసింది.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. నెలసరి తప్పేసరికే గర్భం నిలిచి రెండు వారాలవుతుంది. అనుమానం వచ్చి, టెస్ట్ చేసుకుని, ఇంట్లో చెప్పి, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేలోపు మిగిలిన రెండు వారాలు కరిగిపోతాయి. మాత్ర చేతికొచ్చే రోజుకు నాడీనాళం మూసుకునే గడువు చాలామందికి దాటిపోతుంది. ఆ తర్వాత కూడా మాత్ర రక్తహీనతకు పనికొస్తుంది, మానకూడదు. కానీ వెన్నుపాము విషయంలో ఆలస్యమైనట్టే.

మన ప్రభుత్వానికి ఇది తెలియదని కాదు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లో, గర్భం దాల్చకముందు నుంచి మొదటి మూడు నెలలు పూర్తయ్యే వరకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వాడాలని ఉంది. ఆ తర్వాత 180 రోజులు ఐరన్ మాత్ర, అందులో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. చిక్కు ఎక్కడంటే, మాత్రలు చేర్చే ఏర్పాటు అంతా గర్భిణి పేరు నమోదు చేసుకున్నాకే మొదలవుతుంది. పెళ్లయి ఇంకా గర్భం రాని అమ్మాయి పేరు సాధారణంగా ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మొదటి మూడు నెలల్లో వైద్య పరీక్షకు వెళ్లిన తల్లులు 70 శాతం. ఇది మంచి అంకెలా కనిపిస్తుంది. కానీ మూడు నెలలంటే 12 వారాలు, మనకు కావాల్సింది మొదటి నాలుగు. ఐరన్ ఫోలిక్ మాత్రలు 180 రోజులు వాడినవారు 26 శాతమే. గర్భిణుల్లో రక్తహీనత ఉన్నవారు 52.2 శాతం. లూసీ విల్స్ బొంబాయిలో దిగి 90 ఏళ్లు దాటాక నమోదైన అంకెలివి.

గాలికి మాత్ర లేదు

లక్ష్మీనగర్ గర్భిణికి తిండి, మందులతో పాటు మరో సమస్య ఉంది. ఢిల్లీలో తరచూ అత్యధిక కాలుష్యం నమోదయ్యే ఆనంద్ విహార్ కేంద్రం ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. గాలిలో పీఎం 2.5 సన్నని ధూళి ఏడాది సగటు ఘనపు మీటర్‌కు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మనదేశ ప్రమాణం 40. ఢిల్లీ సగటు ఆ 40 కంటే కూడా చాలా ఎక్కువ.

మాయ గోడ కాదని ఇక్కడా తేలింది. తల్లి పీల్చిన పొగలోని నల్లటి కార్బన్ రేణువులు మాయలో బిడ్డవైపు భాగానికి చేరుతున్నాయని 2019లో బెల్జియం శాస్త్రవేత్తలు చూపించారు. తమిళనాడులో తల్లులను గర్భం నుంచి ప్రసవం వరకు గమనించిన పరిశోధన 2018లో వెలువడింది. గర్భకాలంలో పీఎం 2.5 ప్రతి 10 మైక్రోగ్రాములు పెరిగిన కొద్దీ బిడ్డ బరువు సగటున 4 గ్రాములు తగ్గినట్టు అందులో తేలింది. ఒక్క బిడ్డకు 4 గ్రాములు చిన్నదే. కానీ ఢిల్లీ శీతాకాలంలో ధూళి పెరిగేది పదుల్లో కాదు, వందల్లో. ఆ గాలి పీల్చేది ఒక్కరు కాదు, నగరంలోని గర్భిణులందరూ.

ఫోలిక్ యాసిడ్ కథకూ గాలి కథకూ తేడా ఉంది. లోపించిన పదార్థాన్ని ఒక మాత్రతో భర్తీ చేయవచ్చు. పీల్చిన గాలిని వెనక్కి తీసే మాత్రను ఏ లెడర్లీ తయారుచేయలేదు. కిటికీలు మూసుకోండి, మాస్క్ పెట్టుకోండి, పొగ ఎక్కువున్న రోజుల్లో బయటికి రాకండి అని గర్భిణికి చెప్పడం తేలికే. ఒకే గది, ఒకే కిటికీ ఉన్న ఇంట్లో, రోజూ బస్సెక్కి పనికి వెళ్లే అమ్మాయికి ఆ సలహా పెద్దగా పనికిరాదు. బొంబాయి మిల్లు కార్మికురాలికి పళ్లు తినమని చెప్పడం లాంటిదే అది.

మన చేతిలో ఉన్నది

ఆమె చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. పిల్లల కోసం ప్రయత్నించే జంటలు కనీసం నెల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. మందుల షాపుల్లో తరచూ దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర, సాధారణంగా కావాల్సింది 400 మైక్రోగ్రాములు. ఎవరికి ఎంత అన్నది డాక్టర్‌ను అడగాలి. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు రోజూ కంచంలో ఉంటే మేలు. ఆకుకూరను మరీ ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ కూడా పోతుంది.

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడే అమ్మాయిలు గర్భం కోసం ప్రయత్నించకముందే డాక్టర్‌తో మాట్లాడాలి. సొంతంగా ఆపేయడం ప్రమాదం, చెప్పకుండా వాడుతూ ఉండటం కూడా ప్రమాదమే.

మిగిలినవి ప్రభుత్వం చేయాల్సినవి. హైస్కూలు ఆడపిల్లలకు వారానికొక ఐరన్ ఫోలిక్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. స్కూలు దాటి, పెళ్లికి, మొదటి గర్భానికి మధ్య ఉన్న అమ్మాయిని చేరేది ఎవరు? రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. లక్ష్మీనగర్‌లో అద్దెకుండే వలస కుటుంబాల్లో చాలామంది రేషన్ కార్డు సొంతూళ్లోనే ఉంటుంది. వాళ్లు కిరాణా కొట్లో బియ్యం కొనుక్కుంటారు.

సాయంత్రం మందుల షాపు ముందు నిలబడితే ఇది కళ్లకు కనిపిస్తుంది. ఫోలిక్ యాసిడ్ కొనేవారు దాదాపుగా డాక్టర్ చీటీ పట్టుకుని వస్తారు. ఆ మాత్ర అందరికంటే ఎక్కువ అవసరమైన అమ్మాయి కూడా అదే వరసలో ఉంటుంది. తలనొప్పి మాత్రో దగ్గు మందో కొనుక్కుని వెళ్లిపోతుంది. ఇంకో నెలలో తను తల్లి కాబోతోందని ఆమెకు తెలియదు, షాపతనికీ తెలియదు.